ఆగి మళ్లీ నడిచిన రన్: ముక్కలను ఎక్కడ కోయాలి, ఎలా అతకాలి

అందరికీ నమస్కారం. ఈ పూట మాట్లాడబోయేది చూడ్డానికి చాలా చిన్న పని. క్లస్టర్ మీద వేసిన ఫ్లూయిడ్ డైనమిక్స్ లెక్క వాల్‌టైమ్, అంటే జాబ్‌కి ఇచ్చిన గడువు, అయిపోయి మధ్యలో ఆగుతుంది. మళ్లీ మొదలుపెడతాం. ఇంకోసారి ఆగుతుంది, ఇంకోసారి మొదలుపెడతాం. ఒక రన్ అనుకున్నది చివరికి నాలుగు ముక్కలై కూర్చుంటుంది. వాటిని ఒకటి చేయాలి. "దానిదేముంది, క్యాట్ కొడితే సరి" అని మీలో సగం మందైనా అనుకుంటూ ఉంటారు. కాబట్టి ఆ క్యాట్ దగ్గరే, అంటే ఫైళ్లను ఒకదాని వెనక ఒకటి పేర్చే కమాండ్ దగ్గరే, మొదలుపెడదాం.

ఉదాహరణకి ఓపెన్‌ఫోమ్ అనే ప్రవాహాల సాఫ్ట్‌వేర్ తీసుకుంటాను, ఇక్కడ ఎక్కువ మంది వాడేది అదే. కేసు కూడా అందరికీ తెలిసిందే: రెనాల్డ్స్ సంఖ్య 100 దగ్గర సిలిండర్ చుట్టూ ప్రవాహం. వ్యాసం 1, వేగం 1. స్ట్రౌహల్ సంఖ్య దాదాపు 0.164 వస్తుంది, అంటే సుడులు ఒకదాని తర్వాత ఒకటి విడిపోయే ఆవర్తనం 6.1 సెకన్లు. 300 సెకన్లు నడపాలి. ప్రతి 10 సెకన్లకూ ఫీల్డులు (ప్రవాహం అంతటా వేగం, పీడనం లాంటివి) సేవ్ అవుతాయి. టైమ్ స్టెప్ కూరాంట్ సంఖ్యను (ఒక స్టెప్‌లో ప్రవాహం ఎన్ని గళ్లు దాటుతుందో) బట్టి దానంతట అదే మారుతుంది, సుమారు 0.01.

ఇప్పుడు రన్ 147.3 దగ్గర చచ్చిపోయిందనుకోండి. చివరగా సేవ్ అయింది 140. కంట్రోల్‌డిక్ట్ అనే సెట్టింగుల ఫైలులో స్టార్ట్‌ఫ్రమ్ దగ్గర లేటెస్ట్‌టైమ్ అని ఉంటుంది కాబట్టి, మళ్లీ సబ్మిట్ చేస్తే 140 నుంచే లేస్తుంది. పోస్ట్‌ప్రాసెసింగ్ ఫోల్డర్ తెరిచి చూడండి. ఫోర్సెస్ అనే దాని కింద 0 అని ఒక ఫోల్డర్, 140 అని ఒక ఫోల్డర్. ఫోల్డర్ పేరంటే ఆ ముక్క ఎప్పుడు మొదలైందో అది, ఎప్పుడు ముగిసిందో కాదు. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరపడుతుంది. 0 ఫోల్డర్‌లోని ఫోర్స్ ఫైలు 147.3 దాకా ఉంటుంది. 140 ఫోల్డర్‌లోది 140.01 దగ్గర మొదలవుతుంది. అంటే 140 నుంచి 147.3 వరకూ అదే కాలానికి రెండు రికార్డులు. 7.3 సెకన్లు, ఒక ఆవర్తనం కంటే ఎక్కువే.

ఇక్కడ క్యాట్ కొడితే ఏమవుతుంది? సమయం 147.3 దాకా వెళ్లి, వెనక్కి 140కి వచ్చి, మళ్లీ ముందుకు నడుస్తుంది. గ్రాఫ్ గీస్తే పెద్దగా తెలియదు, గీత మీద గీత పడుతుంది. కానీ సిగ్నల్‌లోని ఫ్రీక్వెన్సీలను వెలికితీసే మీ ఎఫ్‌ఎఫ్‌టీ స్క్రిప్ట్ సమయం కాలమ్ చూడదు కదా, వరుసల లెక్కే చూస్తుంది. దాని దృష్టిలో సిగ్నల్ మధ్యలో 1.2 ఆవర్తనాలు అదనంగా దూరాయి. ఫేజ్ అక్కడ తెగిపోయింది. పదునుగా ఉండాల్సిన శిఖరం వెడల్పవుతుంది, పక్కన చిన్న చిన్న చెవులు మొలుస్తాయి. వాటిని చూసి "ఇక్కడ రెండో ఫ్రీక్వెన్సీ ఉంది" అని థీసిస్‌లో రాసేస్తే ఇక అంతే.

సరే, క్యాట్ కొట్టి సార్ట్ కూడా కొడతామంటారు. అది ఇంకా ప్రమాదం. సార్ట్ చేస్తే పాత ముక్క వరుసలూ కొత్త ముక్క వరుసలూ ఒకదాని మధ్యలో ఒకటి దూరతాయి. మన సిలిండర్ ప్రవాహం లామినార్ (అల్లకల్లోలం లేనిది) కాబట్టి రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి, నష్టం కనపడదు. అదే ఎల్‌ఈఎస్ (అల్లకల్లోల ప్రవాహంలోని పెద్ద సుడులను నేరుగా లెక్కించే పద్ధతి) అయితే? 140 దగ్గర ఒకే స్థితి నుంచి బయల్దేరినా, కాసేపటికి రెండు దారులూ విడిపోతాయి. సార్ట్ అయిన ఫైలులో ఒక వరుస ఈ దారిది, పక్క వరుస ఆ దారిది. రంపపు పళ్లలాంటి సిగ్నల్. స్పెక్ట్రంలో నైక్విస్ట్ ఫ్రీక్వెన్సీ (ఆ డేటా చూపగల గరిష్ఠ ఫ్రీక్వెన్సీ) పక్కన లేని శక్తి పుట్టుకొస్తుంది. "సార్ట్‌కి యూ ఆప్షన్ ఇస్తే డూప్లికేట్లు పోతాయి కదా" అని ఒకరు అడుగుతారు. టైమ్ స్టెప్ మారుతూ ఉన్నప్పుడు పాతదాంట్లో 140.0213 ఉంటే కొత్తదాంట్లో 140.0197 ఉంటుంది. సమానం కానివాటిని అది డూప్లికేట్ అనుకోదు. రెండూ మిగులుతాయి.

కాబట్టి కోయాలి. ఎక్కడ? ఇక్కడ చాలా మంది సహజంగా చేసే తప్పు ఒకటుంది. ముందు వచ్చిన డేటా అసలుది, దాన్ని 147.3 దాకా పూర్తిగా ఉంచి, కొత్తదాన్ని 147.3 నుంచి అతుకుదాం అనుకుంటారు. వద్దు. కొత్త ముక్క 140 దగ్గరి స్థితి నుంచి పుట్టింది. పాత ముక్క 147.3 దగ్గర ఉన్న స్థితికీ, కొత్త ముక్క 147.3 దగ్గర ఉన్న స్థితికీ నేరుగా సంబంధం లేదు, ఇద్దరూ 140 దగ్గర విడిపోయిన అన్నదమ్ములు. అక్కడ అతికితే గీతలో గెంతు వస్తుంది. 140 దగ్గర అయితే ఇద్దరిదీ ఒకటే స్థితి, అతుకు సాఫీగా ఉంటుంది. పైగా మీ దగ్గరున్న 150, 160 ఫీల్డులన్నీ కొత్త ముక్క సంతానమే. 140 తర్వాత పాత ముక్కలో ఉన్న ఏడు సెకన్లకు డిస్క్ మీద ఫీల్డులే లేవు. అవి అనాథలు, వదిలేయాలి. పాతదాంట్లో సమయం 140 దాకా, కొత్తదాంట్లో 140 దాటినవి మాత్రమే.

"140 దాకా" అని చెప్పడం తేలిక. ఫైలులో అది 139.9999999 అనో 140.0000001 అనో ఉండొచ్చు. అందుకని సమానం అని పోల్చకండి, టైమ్ స్టెప్‌లో సగం వెసులుబాటు ఇవ్వండి. మన కేసులో 0.005. లేకపోతే అతుకు దగ్గర ఒక వరుస రెండుసార్లు పడుతుంది, లేదా ఒక వరుస పోతుంది. ఇంకొకటి, చచ్చిపోయిన రన్ ఫైలులో చివరి వరుస సగంలో తెగి ఉండొచ్చు. బఫర్ ఖాళీ అయ్యేలోపే ప్రాసెస్‌ను చంపేశారు కాబట్టి 147.29 తర్వాత ఒకటిన్నర సంఖ్య ఉండి ఆగిపోతుంది. 140 దగ్గర కోస్తే ఆ సగం వరుస ఎలాగూ పోతుంది. కానీ కోయకముందే పైథాన్‌లోని పాండాస్‌తో చదివితే ఆ ఒక్క వరుస వల్ల కాలమ్ మొత్తం టెక్స్ట్‌గా మారే వీలుంది. అందుకే కాలమ్‌ల సంఖ్య తక్కువున్న వరుసలను ముందే ఏరేయండి.

ఇప్పుడు ముక్కలు నాలుగనుకుందాం: 0, 60, 140, 210. షెల్‌లో స్టార్ గుర్తు పెట్టి అన్ని ఫోల్డర్లనూ పిలిస్తే వచ్చే వరుస ఇది: 0, 140, 210, 60. అక్షరక్రమం కదా, 6 కన్నా 1 ముందు, 2 ముందు. 60 చివరికి పోయింది. అందుకని సార్ట్‌కి జీ ఆప్షన్ ఇవ్వాలి. ఎన్ ఆప్షన్ కాదు, ఎందుకంటే చిన్న సమయాల ఫోల్డర్లు 1ఈ-05 రూపంలో ఉంటాయి, ఎన్ దాన్ని 1 అని చదువుతుంది.

సంఖ్యల వరుస కుదిరితే పని అయిపోయినట్టేనా? కాదు. 210 దగ్గర ఏదో తేడాగా అనిపించింది, వెనక్కి వెళ్లి 100 నుంచి మళ్లీ నడిపారు అనుకోండి. ఇప్పుడు ఫోల్డర్లు 0, 60, 100, 140, 210. సంఖ్యల వరుసలో చూస్తే 100 ముక్క 140 దగ్గర ఆగి, 140 ముక్క అందుకున్నట్టు కనిపిస్తుంది. నిజానికి 140, 210 రెండూ చచ్చిన కొమ్మలు. 100 నుంచి నడిచిందే 300 దాకా వెళ్లింది. సంఖ్యల క్రమం నమ్మితే మీరు వద్దనుకుని పారేసిన డేటానే తిరిగి లోపలికి తెచ్చుకుంటారు.

దీనికి నేను వాడమని చెప్పే పద్ధతి వెనక నుంచి ముందుకు రావడం. ముక్కలను అవి నడిచిన తేదీల క్రమంలో పెట్టండి, అన్నిటికన్నా చివర నడిచినది ముందు. మొదట హద్దు అనంతం. చివరి ముక్క మొత్తం తీసుకోండి, అది 100 దగ్గర మొదలైంది, ఇప్పుడు హద్దు 100. దాని ముందు నడిచినది 210 ముక్క, 100 లోపు అందులో ఏమీ లేదు, మొత్తం పోతుంది. 140ది కూడా అంతే. 60 ముక్కలో 100 దాకా తీసుకోండి, హద్దు 60కి దిగింది. 0 ముక్కలో 60 దాకా. అయిపోయింది. హద్దు ఎప్పుడూ కిందికే దిగుతుంది, పైకి పోదు. స్క్రిప్ట్ రాస్తే పదిహేను లైన్లు దాటదు, ఎన్నిసార్లు వెనక్కి వెళ్లినా లెక్క తప్పదు.

తేదీల క్రమం ఎలా తెలుస్తుంది? ఫైలు తేదీలు ఉన్నాయి, కానీ మామూలు సీపీతో ఇంకో డిస్క్‌కి మార్చారంటే అన్నిటికీ ఈ రోజు తేదీ పడుతుంది. ఆర్‌సింక్‌కి -a ఆప్షన్ ఇచ్చి మార్చండి, తేదీలు నిలుస్తాయి. అంతకన్నా నమ్మకమైనది, జాబ్ స్క్రిప్ట్‌లోనే ఒక లైను పెట్టడం: రన్ మొదలైనప్పుడు తేదీ, జాబ్ నంబరు, ఏ సమయం నుంచి లేస్తోందో ఒక టెక్స్ట్ ఫైలుకి చేర్చడం. ఇక ఒకే సమయం నుంచి రెండుసార్లు లేపితే కొత్త ఫోల్డర్ రాదు. అదే 140 ఫోల్డర్‌లో పాత ఫైలు పక్కన పేరుకి అండర్‌స్కోర్ 140 తగిలించుకున్న ఇంకో ఫైలు వస్తుంది. తోక ఉన్నదే కొత్తది. చాలా స్క్రిప్టులు తోక లేని పేరునే వెతుకుతాయి, కొత్తదాన్ని కన్నెత్తి కూడా చూడవు.

హెడర్ గురించి ఒక్క మాట. హ్యాష్ గుర్తుతో మొదలయ్యే వరుసలు ప్రతి ముక్కలోనూ ఉంటాయి. వాటిని గుడ్డిగా తీసేయకండి, ముందు పోల్చండి. మధ్యలో క్లస్టర్ వాళ్లు ఓపెన్‌ఫోమ్ వెర్షన్ మార్చారంటే కాలమ్‌ల వరుస మారిపోవచ్చు. ఫోర్స్ కోఎఫిషెంట్ల ఫైలులో కొన్ని వెర్షన్లు సమయం పక్కన మొమెంట్ గుణకం రాస్తాయి, కొన్ని డ్రాగ్ రాస్తాయి. రెండో కాలమ్ అంటే డ్రాగ్ అని నమ్ముకుని అతికితే అతుకు ఇవతల ఒక భౌతిక రాశి, అవతల ఇంకొకటి.

ఇంతవరకూ చెప్పింది కాలంతో నడిచే సిగ్నళ్ల సంగతి. సగటులది వేరే కథ, వాటిని కోయలేం.

ఫీల్డ్ యావరేజ్ వాడితే యూమీన్ (సగటు వేగం), యూప్రైమ్‌2మీన్ (ఆ సగటు చుట్టూ ఒడుదొడుకుల వేరియన్స్) ప్రతి సేవ్‌లోనూ రాస్తుంది. ఇప్పటిదాకా ఎంత కాలం సగటు తీసిందో ఆ లెక్క మాత్రం ఆ టైమ్ ఫోల్డర్ లోపలి యూనిఫామ్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది. అది ఉంటే రన్ లేచినప్పుడు సగటు ఆగిన చోటి నుంచే సాగుతుంది. డిస్క్ కోటా నిండిందని ఎవరైనా "ఈ చిన్న ఫోల్డర్ ఎందుకులే" అని తీసేస్తే, సగటు కొత్తగా మొదలవుతుంది. కేకలేమీ వేయదు. లాగ్‌లో రీస్టార్టింగ్ యావరేజింగ్ అని ఫీల్డుల పేర్లు, సమయం వచ్చాయా, లేక స్టార్టింగ్ యావరేజింగ్ అని వచ్చిందా, మొదటి యాభై లైన్లలో చూసుకోవాలి. రీస్టార్ట్ ఆన్ రీస్టార్ట్ అనే స్విచ్ ట్రూ అని పెట్టినా సగటు కొత్తగానే మొదలవుతుంది.

అలా విడిపోయిన సగటులను చేతితో కలపొచ్చు. ఒక బిందువు దగ్గర లెక్క చూద్దాం. మొదటి ముక్క 40 సెకన్లు, సగటు వేగం 0.80, వేరియన్స్ 0.010. రెండోది 60 సెకన్లు, సగటు 0.90, వేరియన్స్ 0.012. సగటు తేలికే: 40 సార్లు 0.80, 60 సార్లు 0.90, మొత్తాన్ని 100తో భాగిస్తే 0.86. వేరియన్స్‌కి కూడా ఇలాగే చేసి 0.0112 అని రాసుకుంటారు. తప్పు. రెండు ముక్కల సగటులూ ఉమ్మడి సగటుకి దూరంగా ఉన్నాయి కదా, ఆ దూరం కూడా ఒడుదొడుకే. మొదటిది 0.06 దూరం, వర్గం చేస్తే 0.0036, దానికి 40 బరువు. రెండోది 0.04 దూరం, వర్గం 0.0016, 60 బరువు. కలిపి 100తో భాగిస్తే 0.0024. అసలు వేరియన్స్ 0.0136. మొదటి పద్ధతి దాదాపు 18 శాతం తక్కువ చూపించింది. రెనాల్డ్స్ స్ట్రెస్‌లకీ ఇదే సూత్రం, ఒక్కో జత భాగాలకి విడిగా.

అన్నట్టు, రెండు ముక్కల సగటులు ఇంత తేడాగా వచ్చాయంటే కలిపే ముందు అనుమానపడాలి. ప్రవాహం ఇంకా స్థిరపడలేదేమో, మొదటి 40 సెకన్లు అసలు లెక్కలోకే తీసుకోకూడదేమో.

ఇక అతుకు దగ్గర కనిపించే ముల్లు. అన్నీ సరిగ్గా కోసి అతికినా 140 దగ్గర ఫోర్స్ సిగ్నల్‌లో చిన్న ముల్లు కనిపిస్తుంది. అది కలపడంలో జరిగిన తప్పు కాదు, లేపడంలో జరిగింది. రైట్‌ఫార్మాట్ ఆస్కీ, రైట్‌ప్రెసిషన్ 6 అని ఉంటే సేవ్ అయ్యే ప్రతి సంఖ్యా ఆరు అంకెలకు కుదించుకుపోతుంది. కంప్రెసిబుల్ కేసులో పీడనం 101325.37 పాస్కల్ అనుకోండి, ఫైలులో పడేది 101325. ఒక పాస్కల్ కన్నా చిన్నదంతా పోయింది. శబ్దం మీద పని చేసేవాళ్లకి 0.2 పాస్కల్ అంటే పెద్ద సిగ్నల్, అది రీస్టార్ట్‌తో తుడిచిపెట్టుకుపోతుంది. ప్రోబ్ ఫైలులో (ఎంచుకున్న బిందువుల దగ్గర విలువలు రాసేది) కూడా అదే ఆరు అంకెలు, అక్కడ మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. బైనరీ పెట్టండి. ప్రోబ్‌లు ఎలాగూ టెక్స్టే కాబట్టి ప్రెసిషన్ 12 చేయండి.

ముల్లుకి ఇంకో రెండు కారణాలు, రెండూ డిస్క్ శుభ్రం చేయడం వల్ల వచ్చేవే. ఫై అనే ఫైలు, అంటే ముఖాల మీది ఫ్లక్స్, తీసేస్తే సాల్వర్ వేగం నుంచి దాన్ని మళ్లీ తయారు చేసుకుంటుంది. అలా వచ్చిన ఫ్లక్స్‌లో ప్రతి గడిలోకి వచ్చేదీ పోయేదీ సరిపోవు (డైవర్జెన్స్ సున్నా కాదు), మొదటి స్టెప్‌లోనే పీడనం ఎగిరిపడుతుంది. బ్యాక్‌వర్డ్ అనే టైమ్ స్కీమ్ వాడేవాళ్లకి యూ అండర్‌స్కోర్ 0 అనే ఫైలు ఉంటుంది, అంతకు ముందు స్టెప్ వేగం. అది లేకపోతే మొదటి స్టెప్ తక్కువ కచ్చితత్వమున్న ఆయిలర్ స్కీమ్‌కి దిగిపోతుంది. ఏం తీసేసినా సరే, ఏ ఫోల్డర్ నుంచి లేపుతారో దాన్ని మాత్రం ముట్టుకోకండి.

రన్ చచ్చింది సేవ్ చేస్తున్న క్షణంలోనే అయితే, ప్రాసెసర్ ఫోల్డర్లలో (ఒక్కో ప్రాసెసర్ తన భాగం రాసుకునేవి) కొన్నిటిలో 150 ఉంటుంది, కొన్నిటిలో ఉండదు. ప్రాసెసర్0లో 150 చూసి తృప్తిపడకండి. అన్నిటిలోనూ ఉందా, ఫైళ్ల సైజు సున్నా కాకుండా ఉందా చూసి, తేడా ఉంటే 150ని అన్ని ప్రాసెసర్ల నుంచీ తీసి 140 నుంచి లేపండి. పర్జ్‌రైట్ 1 (చివరి ఒక్క సేవ్ మాత్రమే ఉంచమని) పెట్టుకునేవాళ్లకి ఈ వెసులుబాటు మిగలకపోవచ్చు, కనీసం 2 పెట్టండి.

ప్రాసెసర్ ముక్కలను కలిపే రీకన్‌స్ట్రక్ట్‌పార్‌లో ఒక ఉచ్చు ఉంది. న్యూటైమ్స్ ఆప్షన్ అందరికీ ఇష్టం, ఇదివరకే కలిపినవి వదిలి కొత్తవే కలుపుతుంది. ఇందాకటి కథలో 100కి వెనక్కి వెళ్లాం. 110, 120, 130 మొదటి రన్‌లోనే కలిపేసి ఉన్నాయి. ఇప్పుడు న్యూటైమ్స్ అంటే అది వాటిని చూసి "ఇవి ఉన్నాయిగా" అని దాటేస్తుంది. చచ్చిన కొమ్మ ఫీల్డులు అలాగే మిగిలిపోతాయి. టైమ్ ఆప్షన్‌కి 100 పక్కన కోలన్ పెట్టి ఇవ్వండి, అక్కడి నుంచి అన్నీ మళ్లీ కలుపుతుంది. ఇంకా మంచిది, వెనక్కి వెళ్లే ముందే 100 దాటిన టైమ్ ఫోల్డర్లనూ, పోస్ట్‌ప్రాసెసింగ్‌లోని సర్ఫేస్ ఫోల్డర్లనూ పక్కకి తరలించడం. సర్ఫేస్‌లు స్టెప్‌ల లెక్కన రాస్తుంటే పాతవీ కొత్తవీ వేర్వేరు సమయాల పేర్లతో పక్కపక్కనే కూర్చుంటాయి, ప్యారావ్యూలో యానిమేషన్ వణుకుతుంది.

అసలు అతివ్యాప్తే రాకుండా చూసుకుంటే ఈ తలనొప్పి సగం ఉండదు. క్లస్టర్‌లో జాబులు నడిపే స్లర్మ్‌లో సిగ్నల్ ఆప్షన్ ఉంది, వాల్‌టైమ్ ముగియడానికి 600 సెకన్ల ముందు మీ స్క్రిప్ట్‌కి కబురు పంపమని అడగొచ్చు. కబురు అందగానే స్క్రిప్ట్ కంట్రోల్‌డిక్ట్‌లో స్టాప్‌ఎట్‌ను రైట్‌నౌ అని మార్చేస్తే, రన్‌టైమ్ మాడిఫయబుల్ ఎస్ అని ఉంటే, సాల్వర్ ఆ స్టెప్ సేవ్ చేసి మర్యాదగా ఆగుతుంది. మళ్లీ లేపే ముందు దాన్ని ఎండ్‌టైమ్‌కి మార్చడం మర్చిపోకండి, లేకపోతే ఒక్క స్టెప్ నడిచి ఆగిపోతుంది.

మిగతా కోడ్‌ల సంగతి రెండు ముక్కల్లో. ఎస్‌యూ2లో రెండో ఆర్డర్ అన్‌స్టెడీ రీస్టార్ట్‌కి వెనకటి రెండు సొల్యూషన్ ఫైళ్లు కావాలి, ఒకటి చాలదు. నెక్5000 అయితే లేచిన ప్రతిసారీ ఫైలు నంబర్లు మళ్లీ 1 నుంచి మొదలుపెడుతుంది. పాతవాటిని వేరే ఫోల్డర్‌కి మార్చకుండా లేపితే కలపడానికి ఇక ఏమీ ఉండదు, వాటి మీదే రాసేస్తుంది.

కలిపిన ఫైలుని ఎలా తనిఖీ చేయాలి? సమయం ప్రతి వరుసలోనూ పెరుగుతోందా చూడండి. పక్కపక్క వరుసల మధ్య అతి పెద్ద ఎడం ఎంతో చూడండి, 0.01 స్టెప్ ఉన్నచోట 0.3 కనిపిస్తే అక్కడ ముక్క పోయింది. ప్రతి అతుకుకీ అటు ఇరవై, ఇటు ఇరవై స్టెప్‌లు దగ్గరగా గీసి చూడండి. ఆ తర్వాతే సమాన వ్యవధికి ఇంటర్‌పొలేట్ చేసి ఎఫ్‌ఎఫ్‌టీకి ఇవ్వండి. మనం పారేసిన ఆ 7.3 సెకన్ల పాత ముక్క ఉంది చూశారా, దాన్ని పారేసే ముందు ఒక పనికి వాడుకోవచ్చు. లామినార్ కేసులో పాతదీ కొత్తదీ ఆ మేర ఒకదానిమీద ఒకటి పడాలి. పడకపోతే రీస్టార్ట్‌లో ఏదో పోయిందని అర్థం. ఎల్‌ఈఎస్‌లో మాత్రం మొదటి కొన్ని పదుల స్టెప్‌లే పోల్చండి. ఆ తర్వాత విడిపోతే అది రీస్టార్ట్ తప్పు కాదు.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: మేడమ్, మా దగ్గర 140 ఫోల్డర్‌లో ఫోర్స్ ఫైలు పోయింది. 140 దాకా ఉంది, మళ్లీ 210 నుంచి 300 దాకా ఉంది. మధ్యలో ఇంటర్‌పొలేట్ చేయొచ్చా?

లేదమ్మా, 70 సెకన్లంటే పదకొండు ఆవర్తనాలు, గీత గీసి పూడ్చేది కాదు. సగటుకైతే రెండు ముక్కలూ కాలాన్ని బట్టి బరువులిచ్చి కలుపుకోండి. స్పెక్ట్రంకి రెండిటినీ అతకొద్దు. మొదటిదాంట్లో మొదట్లోని అస్థిర భాగం వదిలేసి 90 సెకన్లు, రెండోదాంట్లో 90 సెకన్లు, విడివిడిగా స్పెక్ట్రం తీసి వాటి సగటు తీయండి. ఫ్రీక్వెన్సీ ఎడం 0.011 అవుతుంది, 0.164 చుట్టూ శిఖరం ఎక్కడుందో చెప్పడానికి కొంచెం మోటే. కానీ దానికంటే ముందు లాగ్ ఫైలు చూశారా? ఫంక్షన్‌లో లాగ్ అనే స్విచ్ ట్రూ అని ఉంటే డ్రాగ్, లిఫ్ట్ విలువలు లాగ్‌లో కూడా పడతాయి. ఆ సమయం లైనూ, లిఫ్ట్ లైనూ గ్రెప్‌తో ఏరుకుంటే మీ 70 సెకన్లు దొరుకుతాయి. రన్ లేపిన ప్రతిసారీ లాగ్‌కి రెండు బాణాలు (>>) పెట్టి చేర్చారా, ఒక బాణం (>) పెట్టి పాతదాన్ని చెరిపేశారా, ముందు అది చూడండి.